టన్ను ఒక్కటే, ఖరీదు దేశానికొకటి

టన్ను బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కృష్ణపట్నంలో పుట్టినా, అమెరికాలోని టెక్సస్‌లో పుట్టినా ఒకటి రెండేళ్లలో ప్రపంచమంతటి గాలిలో కలిసిపోతుంది. అందులో కొంత భాగం వందల ఏళ్లు గాలిలోనే ఉండిపోతుంది. నష్టం మాత్రం అన్ని దేశాలకూ ఒకేలా జరగదు. పంట తగ్గడం, ఎండకు పని ఆగిపోవడం, ఆదాయం పడిపోవడం... ఇవన్నీ కలిపి ఒక్క టన్నుకు ఇంత నష్టమని ఆర్థికవేత్తలు డబ్బుల్లో లెక్క కడుతున్నారు. ఆ లెక్కల్లో ఉన్నన్ని వింతలు గిన్నిస్ పుస్తకంలోనూ ఉండవేమో. నెల్లూరు జిల్లాలోని దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో బతికేవాళ్లకు అవి దూరపు సంగతులు కావు. వాటిలో కొన్ని ఇక్కడ ఇస్తున్నాను. లెక్క సులువుగా ఉండడానికి డాలరును అంతటా ₹85గా తీసుకున్నాను.

టన్ను అంటే ఎంత?

వాయువును తూకం వేసి చూసే అలవాటు మనకు లేదు. ఇంట్లో వాడే సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది పూర్తిగా మండితే 42 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. గ్యాసులోని కార్బన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కాబట్టి బరువు మూడింతలవుతుంది. ఆ ప్రకారం టన్ను కావాలంటే 23, 24 సిలిండర్లు ఖాళీ కావాలి. ట్రాక్టరయితే 370 లీటర్ల డీజిల్ తాగాలి.

మెట్ట రైతుకు ఇంకా దగ్గరి లెక్క బోరు మోటారుది. 5 హెచ్‌పీ మోటారు రోజుకు 9 గంటలు ఆడితే 35 యూనిట్ల దాకా కాలుతుంది. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సగటున 700 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే 40 రోజులు నీళ్లు తోడితే ఒక టన్ను. రైతుకు కరెంటు బిల్లు రాదు, గాలికి మాత్రం బిల్లు పడుతుంది. ఆ టన్నును ఒకచోట నింపాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 27 అడుగులున్న గది కావాలి.

అత్యధిక నష్టం మనకే

2018 సెప్టెంబరులో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. క్యాథరిన్ రికీ, లారాన్ డ్రువే, కెన్ కాల్డైరా, మాసిమో తవోని అనే నలుగురు కలిసి చేసింది. అంతకుముందు ఇలాంటి లెక్కలు చాలావరకు ప్రపంచం మొత్తానికి కలిపి ఒక్క అంకెగా ఉండేవి. వీళ్లు దేశదేశానికీ విడదీసి చూపించారు. గాలిలోకి కొత్తగా ఒక టన్ను చేరితే, అది ఎవరు వదిలిందైనా సరే, ఏ దేశానికి ఎంత నష్టం అన్నది వాళ్ల ప్రశ్న.

జాబితాలో మొదటి స్థానం భారతదేశానిది: టన్నుకు 86 డాలర్లు, అంటే ₹7,310. రెండోది అమెరికా, 48 డాలర్లు. దాని వెన్నంటే 47 డాలర్లతో సౌదీ అరేబియా. చైనా, బ్రెజిల్, యూఏఈలకు తలా 24 డాలర్లు. ప్రపంచమంతా కలిపి టన్నుకు 417 డాలర్లు. ఇది మధ్యస్థ అంచనా. మన 86 డాలర్లు 49 నుంచి 157 దాకా ఎక్కడైనా ఉండొచ్చని వాళ్లే రాశారు. కింది హద్దు పట్టుకుని చూసినా అమెరికా మధ్యస్థ అంచనా కన్నా మనదే ఒక డాలరు ఎక్కువ.

ఎందుకిలా? మార్షల్ బర్క్, సోలమన్ షియాంగ్, ఎడ్వర్డ్ మిగెల్ 2015లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో జవాబుంది. దేశాల ఆదాయాన్నీ ఉష్ణోగ్రతనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏడాది సగటు 13 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఉత్పత్తి అన్నిటికన్నా బాగుంటుందని తేల్చారు. అంతకన్నా చల్లగా ఉన్న చోట కాస్త వేడెక్కితే మేలు. అంతకన్నా వేడిగా ఉన్న చోట పెరిగే ప్రతి డిగ్రీ ముందటి డిగ్రీ కన్నా ఎక్కువ గుంజుకుంటుంది. అమెరికా దాదాపు ఆ 13 దగ్గరే ఉంది. నెల్లూరు సగటు 28 డిగ్రీలకు పైనే. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ల జ్యేష్ఠమాసపు ఎండల్లోనే జరుగుతుంది. ఆ వారం దుత్తలూరు మండలంలో తిరిగినవాళ్లకు ఈ సూత్రం విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ జాబితాలో అన్నిటికన్నా వింతైన అంకెలు అట్టడుగున ఉన్నాయి. రష్యా, కెనడా, ఉత్తర ఐరోపా దేశాల పేర్ల పక్కన నష్టం సున్నా కన్నా కిందికి దిగింది. అంటే ఈ లెక్క ప్రకారం ఒక టన్ను పెరిగితే వాళ్లకు లాభమే. మన బోరు ఎండగొట్టే వేడి అక్కడ కొత్త గోధుమ పొలాన్ని తెరుస్తుంది. ఈ ఒక్క సంగతి చాలు, వాతావరణ సదస్సులు ఏటికేడాది ఎందుకు సాగుతూనే ఉంటాయో అర్థం కావడానికి.

ఎవరు ఎవరికి బాకీ?

ఇప్పుడు రెండు దేశాలను ఎదురెదురుగా కూర్చోబెడదాం. 2023లో అమెరికా వదిలింది దాదాపు 490 కోట్ల టన్నులు. మనం వదిలింది 300 కోట్ల పైచిలుకు. పై ఖరీదులతో గుణిస్తే, అమెరికా ఒక్క ఏడాదిలో వదిలినదాని వల్ల భారతదేశానికి ముందుముందు జరిగే నష్టం సుమారు 42,000 కోట్ల డాలర్లు. మనం వదిలినదాని వల్ల అమెరికాకు జరిగేది 15,000 కోట్ల డాలర్ల లోపే. ఒక దేశం మరో దేశానికి చేసే నష్టం, తిరిగి పొందే నష్టం మధ్య దాదాపు మూడింతల తేడా.

మనిషి లెక్కకు వస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నులకు పైగా వదులుతాడు, సగటు భారతీయుడు 2 టన్నుల చొప్పున. అంటే ఒక అమెరికన్ మన దేశానికి ఏటా చేసే నష్టం 1,200 డాలర్లు, లక్ష రూపాయల పైమాట. ఒక భారతీయుడు అమెరికాకు చేసేది 96 డాలర్లు, ₹8,160. ఆ 2 టన్నులూ దేశపు సగటే. అందులో హైదరాబాదు, బెంగళూరుల ఏసీలు, కార్లు, విమానాలు, సిమెంటు, ఉక్కు అన్నీ కలిసున్నాయి. గొర్రెల మందతో, నాలుగెకరాల సజ్జతో బతికే మెట్ట మనిషి వాటా అందులో సగమైనా ఉంటుందని నేననుకోను.

చైనాను కూర్చోబెడితే లెక్క మరోలా తిరుగుతుంది. ప్రపంచంలో అత్యధికంగా వదిలే దేశం అదే, 2023లో సుమారు 1,190 కోట్ల టన్నులు. దానివల్ల చైనాకు జరిగే నష్టం కన్నా భారతదేశానికి జరిగేది మూడున్నర రెట్లు. వదిలేవాడికన్నా పొరుగువాడికే ఎక్కువ దెబ్బ తగిలే ఈ జోడీ, ఈ జాబితా మొత్తంలో అతి పెద్దది. మన సంగతీ దాచకూడదు. మన 300 కోట్ల టన్నులు మనకే 26,000 కోట్ల డాలర్ల నష్టం తెచ్చిపెడతాయి. ఇతరుల తప్పు ఎంత పెద్దదైనా ఈ పద్దు మనదే.

గడిచిన కాలానికి కట్టిన లెక్క కూడా ఒకటుంది. డార్ట్‌మత్ కాలేజీకి చెందిన క్రిస్టఫర్ క్యాలహన్, జస్టిన్ మాంకిన్ 2022లో దాన్ని ప్రచురించారు. 1990 నుంచి 2014 దాకా అమెరికా వదిలిన వాయువుల వల్ల ప్రపంచ దేశాలు కోల్పోయిన ఆదాయం 1.9 లక్షల కోట్ల డాలర్లకు పైనే. చైనాది 1.8 లక్షల కోట్లు. రష్యా, భారత్, బ్రెజిల్ తలా 50,000 కోట్లకు పైగా నష్టం చేశాయి. ఫలానా దేశం వదిలిన పొగ ఫలానా దేశానికి ఎంత పోగొట్టిందో జంటజంటగా చూపగలగడం ఈ పరిశోధన ప్రత్యేకత. కోర్టులో నిలబడే రుజువు కావాలని పేద దేశాలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నది ఇలాంటిదే.

మనవాళ్లు రెండు వైపులా ఉన్నారు. నెల్లూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబం అక్కడివాళ్లలాగే బతికితే వాళ్ల వాటా ఏడింతలవుతుంది. హైదరాబాదు నుంచి డల్లాస్‌కు ఒకసారి వెళ్లొస్తే మనిషికి రెండు టన్నుల పైనే. ఇక్కడ ఒక మనిషి ఏడాదంతా వదిలేదంత. తలసరి రికార్డు మాత్రం అమెరికాది కాదు, ఖతర్‌ది: మనిషికి 35 టన్నులకు పైగా. ఆ ఎడారి దేశంలో భవనాలు కడుతూ ఎండలో నిలబడేవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో.

ఒకే నగరంలో 1 నుంచి 190 దాకా

దేశానికో ఖరీదంటే సరే, ఒకే దేశంలో ప్రభుత్వం మారినప్పుడల్లా ఖరీదు మారితే? ఆ రికార్డు వాషింగ్టన్‌ది. 2010లో ఒబామా ప్రభుత్వం టన్నుకు మధ్యస్థంగా 21 డాలర్లని లెక్క మొదలుపెట్టింది. ట్రంప్ మొదటిసారి వచ్చాక అది 1 నుంచి 7 డాలర్ల మధ్యకు పడిపోయింది. 2021లో బైడెన్ దాన్ని 51 చేశారు. 2023 డిసెంబరులో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 190 డాలర్లని ప్రకటించింది. 2025 జనవరిలో ట్రంప్ తిరిగి రాగానే ఆ లెక్క కట్టే బృందాన్నే రద్దు చేశారు.

ఇంత తేడా రావడానికి కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది, ఎవరి నష్టం లెక్కలోకి వస్తుందన్నది. 1 నుంచి 7 డాలర్లన్నప్పుడు అమెరికా సరిహద్దుల లోపలి నష్టాన్నే చూశారు. 190 అన్నప్పుడు ప్రపంచమంతటినీ చూశారు. దుత్తలూరు చెరువు కింద ఎండిన మడి ఆ లెక్కలోకి వచ్చేది అలా ప్రపంచాన్ని చూసినప్పుడే. రెండోది వడ్డీ. యాభై ఏళ్ల తర్వాత జరిగే వంద రూపాయల నష్టం ఈ రోజు ఎంతతో సమానం? 2 శాతం వడ్డీ వేస్తే ₹37. 7 శాతం వేస్తే ₹3.40. ఏ రేటు ఎంచుకోవాలన్నది లెక్క చెప్పే విషయం కాదు. మనవళ్ల కష్టానికి ఎంత విలువిస్తామన్న నిర్ణయం అది. వాతావరణ మార్పును దీర్ఘకాలపు ఆర్థిక లెక్కల్లోకి తెచ్చినందుకు విలియం నోర్డ్‌హౌస్‌కు 2018లో నోబెల్ వచ్చింది. ఆయనకూ, 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన నికొలస్ స్టెర్న్‌కూ మధ్య పెద్ద వాదన జరిగింది ఈ వడ్డీ మీదే.

పన్నుల్లో మొదటివి, పెద్దవి, చిన్నవి

కార్బన్ మీద పన్ను వేసిన మొదటి దేశం ఫిన్‌లాండ్, 1990లో. మరుసటి ఏడాది స్వీడన్ టన్నుకు 250 క్రోనార్లతో మొదలుపెట్టి, ఇప్పుడు 100 యూరోలు దాటించింది. 2022లో ఉరుగ్వే 137 డాలర్లతో రికార్డు కొట్టింది. పోలండ్ కూడా 1990లోనే మొదలుపెట్టింది గానీ అక్కడి పన్ను డాలరు కన్నా తక్కువ. ఐరోపా కార్బన్ మార్కెట్‌లో టన్ను ధర 2023 ఫిబ్రవరిలో మొదటిసారి 100 యూరోలు తాకింది. 2026 జనవరి నుంచి మన ఉక్కు, అల్యూమినియం ఐరోపా రేవుల్లో దిగాలంటే ఆ ధరతో లెక్క తేల్చుకోవాల్సిందే.

మన దేశం 2010లో బొగ్గు టన్నుకు ₹50 సెస్సు వేసింది. 2014లో ₹100, 2015లో ₹200, 2016లో ₹400 అయింది. స్వచ్ఛ ఇంధనం కోసమని మొదలైన ఆ సొమ్ము 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల నష్టపరిహారపు ఖాతాలోకి మళ్లింది. 2025 సెప్టెంబరు 22న సెస్సు పోయి, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. స్వచ్ఛ ఇంధనం పేరుతో పుట్టిన పన్ను అలా మామూలు పన్నుల్లో కలిసిపోవడం నాకు బాధ కలిగించింది.

ఒకే జిల్లాలో చిమ్నీ, మెట్ట

నెల్లూరు జిల్లాకూ ఒక విశేషముంది. తూర్పున సముద్రం ఒడ్డున, ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర, దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం. 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మొత్తం 2,400 మెగావాట్లు. ఆ చుట్టుపక్కలే ప్రైవేటు బొగ్గు కేంద్రాలు మరికొన్ని. పడమర వెలిగొండల వైపు ఉదయగిరి, దుత్తలూరు, మర్రిపాడు మెట్టలు. వదిలే చోటు, భరించే చోటు రెండూ ఒకే కలెక్టరు పరిధిలో.

800 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తిస్థాయిలో గంటసేపు నడిస్తే 8 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు 900 గ్రాములు వేసుకున్నా 720 టన్నుల వాయువు. మన దేశపు ఖరీదు కడితే గంటకు ₹52 లక్షలకు పైగా నష్టం. కరెంటు యూనిట్ మీద పడేది ₹6.58. మన బొగ్గు టన్ను కాలిస్తే సుమారు టన్నున్నర వాయువు వస్తుంది కాబట్టి, ₹400 సెస్సు ఉన్న రోజుల్లో కూడా యూనిట్ మీద పడింది 24 పైసలే.

అయితే బొగ్గు కేంద్రాన్ని తిట్టి ఊరుకుంటే మెట్టకు న్యాయం జరగదు. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. పెన్నా నీళ్లు ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలకు ఎక్కాలంటే హైలెవల్ కాలువలోకి మోటార్లతో ఎత్తిపోయాలి. ఫ్లోరైడు నీళ్లు తాగుతున్న ఊళ్లు ఆ కాలువ కోసం ఎదురుచూస్తున్నాయి. ఎత్తిపోతకు కరెంటు కావాలి, ఆ కరెంటులో ఎక్కువ పాలు బొగ్గుదే. ఎండ నుంచి కాపాడుకునే పని కూడా గాలిలోకి మరికొన్ని టన్నులు చేరుస్తుంది. అందుకే ఈ మెట్టలకు సౌర విద్యుత్తుతో నడిచే ఎత్తిపోతలు ముందుగా రావాలని గట్టిగా అడుగుతున్నాను.

ఖరీదు కాగితం మీదే లేదు. 2015 వేసవిలో వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య కట్ట తెగింది. ఆ వరదకు సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది, పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ, చెన్నై మధ్య రైళ్లు ఆగిపోయాయి. ఒక్క వరదను మొత్తంగా కార్బన్ ఖాతాలో వేయలేం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదన్నది మాత్రం భౌతికశాస్త్రం.

చప్పుడు లేకుండా జరిగే నష్టం ఇంకా పెద్దది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 నివేదిక ప్రకారం ఎండ వల్ల భారతదేశం 1995లో 4.3 శాతం పనిగంటలు కోల్పోయింది. 2030లో అది 5.8 శాతం కానుంది. పూర్తికాలపు ఉద్యోగాల్లో చెబితే 3.4 కోట్లు. ప్రపంచమంతటి నష్టం 8 కోట్లు. అంటే ఎండ మింగే ప్రతి పది పనుల్లో నాలుగు మన దేశానివి. మెట్టలో ఉపాధి పనికి వేసవిలో తెల్లవారగానే పలుగు పట్టి, పొద్దెక్కకముందే ఇల్లు చేరేవాళ్లు ఈ లెక్కలో ఉన్నారు.

పవర్‌గూడ అమ్మిన టన్నులు

ఇన్ని అంకెల్లోనూ నాకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు తెలంగాణలోని ఒక చిన్న గూడేనిది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచారు, అడవిలో కానుగ గింజలు ఏరారు, ఊళ్లోనే యంత్రంలో ఆడించి నూనె తీశారు. ఆ నూనె డీజిల్‌కు బదులు వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క తేలింది.

2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ సమావేశం పెట్టింది. ఆ సమావేశానికి వచ్చినవాళ్ల విమాన ప్రయాణాల వల్ల పుట్టిన వాయువుకు సరిపడా తగ్గింపును కొనాలనుకుంది. కొన్నది పవర్‌గూడ మహిళల దగ్గర. చెల్లించింది 645 డాలర్లు. మన పల్లె మహిళలు కార్బన్‌ను ఎగుమతి చేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

కానుగ మెట్టకు కొత్త చెట్టు కాదు. దుత్తలూరు దారుల పక్కన, చెరువుకట్టల మీద అది నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, గొర్రెలు దాని ఆకు ముట్టవు. పవర్‌గూడ చేసిన పనికి కావాల్సిన చెట్టు ఇక్కడా ఉంది, ఏరే చేతులూ ఉన్నాయి. లేనిదల్లా సరైన ధర ఇచ్చే కొనుగోలుదారు.

645 డాలర్లను 147 టన్నులకు పంచితే టన్నుకు 4 డాలర్ల 39 సెంట్లు. అదే 147 టన్నులు గాలిలోకి వెళ్తే భారతదేశానికి జరిగే నష్టం 12,642 డాలర్లు. ప్రపంచానికి 61,299 డాలర్లు. అంత నష్టాన్ని ఆపినందుకు ఆ మహిళలకు ముట్టింది నూటికి ఒక్క డాలరు.